ఇంటి పక్క సందులో బ్యాటింగ్ కేజ్: ప్రాజెక్టు డైరీ

జనవరి ఆఖరు

మావాడి బేస్‌బాల్ సాధన కోసం ఇంటి పక్క సందులో బ్యాటింగ్ కేజ్, అంటే చుట్టూ వల కట్టిన చోటు, చేద్దామనుకుంటున్నాం. ముందు కొలతలు రాసుకుంటున్నాను. ఇల్లు డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మూల ప్లాటు కావడంతో ఇంటి గోడకీ ఫెన్సుకీ మధ్య పొడుగాటి ఖాళీ ఉంది. 35 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు వాడుకోవచ్చు. మావాడికి పదకొండేళ్లు, పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్‌లో మేజర్స్ అనే విభాగంలో ఆడుతున్నాడు. వాళ్ల ఆటలో పిచ్చర్ (బంతి విసిరేవాడు) కాలు ఆనించే పట్టీ నుంచి బ్యాటర్ పక్కన ఉండే హోమ్‌ప్లేటు దాకా 46 అడుగులు. పెద్దవాళ్ల ప్రొఫెషనల్ మేజర్ లీగ్‌లో అయితే 60 అడుగుల 6 అంగుళాలు. మా సందులో బ్యాటర్ వెనక కొంత చోటు వదిలితే మిగిలేది 30 అడుగులే. తక్కువపడ్డ ఆ 16 అడుగులతోనే అసలు లెక్కలన్నీ ఉంటాయని అనిపిస్తోంది.

మామయ్యగారు ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. విజయవాడ దగ్గర రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. బేస్‌బాల్ ఏమిటో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలని కూడా పెద్దగా లేదు. బంతి విసిరే మెషిన్ వీడియో ఒకటి చూపించాక మాత్రం మనిషి కుదురుగా కూర్చోవడం లేదు.

"అల్లుడుగారూ, రెండు చక్రాలు, ఒక మోటారు. ఇందులో ఏముందండీ, మనం చేసేద్దాం."

మెషిన్ ఆఖర్న అని ఒప్పించాను. ముందు టీ, తర్వాత వల, ఆ తర్వాతే విసరడం సంగతి.

ఫిబ్రవరి మొదట్లో

బ్యాటింగ్ టీ అంటే బంతిని కదలకుండా నిలబెట్టే స్టాండు. చూస్తే ఇంతే కదా అనిపిస్తుంది. కానీ మంచి టీకి మూడు లక్షణాలు ఉండాలి. మోకాలి నుంచి ఛాతీ దాకా ఎత్తు మారాలి, దెబ్బకి పడిపోకూడదు, బ్యాటు తగిలినా పైభాగం వంగి మళ్లీ లేవాలి. చవకరకం ప్లాస్టిక్ టీలు రెండో పరీక్షలోనే పోతాయి. బంతి కన్నా టీ దూరం వెళ్తుంది.

షెడ్యూల్ 40 రకం పీవీసీ పైపుల్లో ఒక సదుపాయం ఉంది. ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 1.315 అంగుళాలు. అంగుళంపావు పైపు లోపలి వ్యాసం సుమారు 1.38. అంటే ఒకదాంట్లో ఒకటి హాయిగా జారుతుంది, అయితే ఆ సందు వల్ల పెట్టిన ఎత్తులో నిలబడదు. నేను క్లాంపు పెడదామన్నాను. మామయ్యగారు వద్దన్నారు. క్లాంపు బిగించి విప్పడం పిల్లాడు చెయ్యడు, ఎప్పుడూ ఒకే ఎత్తులో కొడతాడు అని ఆయన వాదన. అది నిజమే. నీళ్లు కారకుండా పంపుల్లో పెట్టే గ్లాండ్ ప్యాకింగ్‌లాగా లోపలి పైపు కింది కొసన రెండు గాళ్లు తీసి, ఓ-రింగులు (రబ్బరు వలయాలు) తొడిగి, సిలికాన్ గ్రీజు పూశారు. ఇప్పుడు ఒక చేత్తో లాగితే లేస్తుంది, వదిలితే అక్కడే ఉంటుంది. 26 నుంచి 42 అంగుళాల దాకా ఎత్తు దొరికింది.

అడుగున చెక్క మీద పైపు బిగించే ఇనప ఫ్లాంజి, దాని చుట్టూ 10 పౌన్ల జిమ్ ప్లేటు. పైన కారు రేడియేటర్ హోస్ ముక్క. బంతి దాని అంచు మీద కూర్చుంటుంది. బ్యాటు హోస్‌కి తగిలితే "దబ్" అని వేరే చప్పుడు వస్తుంది, బంతికి మాత్రమే తగిలితే ఆ చప్పుడు ఉండదు. కింద తగిలిందో లేదో కొట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి మధ్య

టీ తయారైంది కానీ దాన్ని ఎక్కడ పెట్టాలన్నది వేరే సంగతి. పార్కుల్లో చాలామంది తల్లిదండ్రులు టీని ప్లేటు నడిమధ్యన పెట్టి, పిల్లాణ్ణి దాని పక్కనే నిలబెడతారు. అలా అయితే బంతి పొట్టకి ఎదురుగా ఉంటుంది, చేతులు చాచే చోటు ఉండదు. ఆటలో మధ్యలోకి వచ్చే బంతిని ముందు పాదానికి ఎదురుగానో, కొంచెం ముందో అందుకోవాలి. శరీరానికి దగ్గరగా వచ్చేదాన్ని ఇంకా ముందు, దూరంగా వెళ్లేదాన్ని కాస్త వెనక. కాబట్టి టీని ప్లేటుని బట్టి కాదు, అడుగు వేశాక ముందు పాదం ఎక్కడ ఆనుతుందో దాన్ని బట్టి పెట్టాలి.

ఇందుకోసం పాత రబ్బరు డోర్‌మ్యాట్ మీద 17 అంగుళాల ప్లేటు గీసి, మూడు చోట్ల గుండ్రాలు వేశాం: లోపలి బంతి, నడిమి బంతి, బయటి బంతి. మావాడు అడుగు వేసి, ఆగి, గుండ్రం చూసుకుని, టీ జరుపుకుంటాడు.

క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి కాబట్టి సాక్సులో బంతి కట్టి చెట్టుకి వేలాడదీయడం నాకు మొదట తట్టింది. అదీ కట్టి చూశాం. క్రికెట్‌లో నిటారు బ్యాటుతో నెమ్మదిగా తట్టడానికి అది మంచి సాధనం. ఇక్కడ పూర్తి బలంతో అడ్డంగా బాదితే బంతి తాడు చుట్టూ తిరిగి మొహం మీదికి వస్తుంది. పైగా అది ఎటు పోయేదో తెలియదు. తీసేశాం.

మార్చి

వల వేలాడదీయడానికి స్తంభాలు కావాలి. మా కాలనీ సంఘం శాశ్వత కట్టడానికి ఒప్పుకోదు. పనయ్యాక లాగేసే వల అయితే అభ్యంతరం లేదంది. కాబట్టి నాలుగు ఇనప స్తంభాలు, రెండు వైర్ రోపులు, వాటికి కొక్కేలతో వల. తలుపు కర్టెన్‌లా ఒక చివరికి జరిపేయవచ్చు.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి. ఉచితం. భూమిలో ఏ లైను ఎక్కడుందో వచ్చి రంగులు వేసి వెళ్తారు: గ్యాసుకి పసుపు, కరెంటుకి ఎరుపు, నీళ్లకి నీలం, ఫోను, ఇంటర్నెట్‌ తీగలకి నారింజ. మా సందులో నారింజ గీత ఒక గుంటకి బాగా దగ్గరగా వచ్చింది, ఆ స్తంభం జరిపాం.

తవ్వగానే మామయ్యగారు మట్టి చేతిలోకి తీసుకుని నలిపారు.

"ఇది మన రేగడే కదండీ!"

ఆయన ఊహ కాదు. టెక్సస్ బ్లాక్‌ల్యాండ్ మట్టీ, మన నల్లరేగడీ శాస్త్రవేత్తల లెక్కలో ఒకే జాతివి, వెర్టిసాల్స్. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తాయి. ఇక్కడ వేసవిలో ఇళ్ల పునాదుల పక్కన గొట్టాలు వేసి నేలని తడిగా ఉంచుతారు. తిన్నగా తవ్విన గుంటలో కాంక్రీటు పోస్తే, మట్టి ఉబ్బినప్పుడల్లా ఆ దిమ్మెని పక్కల నుంచి పట్టి పైకి తోస్తుంది. దీనికి రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు రేగడి నేలల కోసమే అండర్-రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేశారు. అడుగున గంటలాగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు, ఆ వెడల్పు దాన్ని పైకి లేవనివ్వదు. మాది వల కట్టే స్తంభం మాత్రమే, అయినా అదే పద్ధతి. మూడడుగుల లోతు, అడుగున గరిటె లాంటి పారతో నాలుగు వైపులా గీకి వెడల్పు చేశాం. నడుం నొప్పి వచ్చింది నాకు. ఆయనకి రాలేదు.

మార్చి ఆఖరు

వైర్ రోపు ఎంత బిగించాలి? నా చూపుకి తీగ తిన్నగా ఉంటేనే అందం. లెక్క మాత్రం ఒప్పుకోదు. ఒక్కో రోపు మీద పడే వల బరువు 25 పౌన్లు, దూరం 35 అడుగులు అనుకుందాం. నడుమ ఒక అడుగు కుంగనిస్తే రోపులో లాగుడు సుమారు 110 పౌన్లు. ఆరు అంగుళాలే కుంగనిస్తే 220. ఒక్క అంగుళమే అంటే 1300 దాటుతుంది! కుంగుడు సగమైతే లాగుడు రెట్టింపు. తీగని పూర్తిగా తిన్నగా చేయడం ఎవరి తరమూ కాదు, స్తంభాలు ముందు వంగుతాయి.

అడుగు కుంగనిచ్చాం. దానికి తగ్గట్టు స్తంభాలు 11 అడుగులు, నడుమ పది అడుగుల ఎత్తు. అయినా 110 పౌన్లు పదకొండు అడుగుల పైనుంచి లాగడం అంటే స్తంభం మొదట్లో చాలా ఒత్తిడి. కరెంటు స్తంభాలకి కట్టినట్టు ప్రతిదానికీ వెనక స్టే వైరు వేశాం. పిల్లలు తట్టుకోకుండా వైర్లకి పసుపు పైపు తొడిగాం. ప్రతి రోపుకీ ఒక చివర బిగుతు మార్చే మర, టర్న్‌బకిల్, ఉంది. ఎండకీ చలికీ సరిచేసుకోవాలి.

ఏప్రిల్

వల వచ్చింది. నైలాన్ బలంగా ఉంటుంది కానీ నీళ్లు పీలుస్తుంది, ఎండకి తొందరగా దెబ్బతింటుంది. పాలిథిలీన్ నీళ్లు పీల్చదు, ఎప్పుడూ బయటే ఉండే వలకి అదే నయం. కన్నం ఒక అంగుళం ముప్పావు. బేస్‌బాల్ చుట్టుకొలత 9 నుంచి 9¼ అంగుళాలు, అంటే వ్యాసం మూడంగుళాలకి కాస్త తక్కువ. హాయిగా ఆగుతుంది. కానీ గోల్ఫ్ బంతి సైజు ప్లాస్టిక్ బంతులు కూడా వాడదామనుకునేవాళ్లు గమనించాలి. గోల్ఫ్ బంతి వ్యాసం 1.68 అంగుళాలు. ఈ కన్నంలోంచి పక్కింటివాళ్ల పెరట్లోకి పోతుంది. చివరి గోడ దగ్గర మాత్రం సన్నకన్నం వల ఇంకోటి వేశాం.

చివరి వలని బిగించకూడదు. బిగిస్తే బంతి వేగంగా వెనక్కి వస్తుంది. కింద అడుగు పొడవు ఎక్కువ వదిలేసి, నేల మీద ముడతలుగా పడనిచ్చాం. బంతి వల మీద పడి చచ్చుబడి జారిపోతుంది.

ఈ వల మీదే నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఉంది. ఖర్చు రెండు రిబ్బన్లు. టీ నుంచి చివరి వలకి 30 అడుగులు. రెండున్నర అడుగుల ఎత్తున ఉన్న బంతి, గంటకి 55 మైళ్ల వేగంతో 10 డిగ్రీల కోణంలో లేస్తే, భూమ్యాకర్షణ వల్ల దిగేది తీసేశాక, అది వల మీద ఐదున్నర అడుగుల ఎత్తున పడుతుంది. 15 డిగ్రీలకైతే ఎనిమిది అడుగుల దగ్గర. మంచి లైన్ డ్రైవ్, అంటే మరీ ఎత్తుగా లేవకుండా నేరుగా దూసుకుపోయే దెబ్బ, ఆ కోణాల్లో వస్తుంది. 20 డిగ్రీలు దాటితే మా పైకప్పు వలకే తగులుతుంది. ఐదున్నర దగ్గర ఎర్ర రిబ్బను, ఎనిమిది దగ్గర నీలం రిబ్బను కట్టాం. రెంటి మధ్యా పడితే సరి. నేను పక్కన నిలబడి "బాగుంది, బాగాలేదు" అనడం ఆగిపోయింది. మావాడికి అదే పెద్ద రిలీఫ్.

ఏప్రిల్ ఆఖరు

ఇక విసరడం. ఇక్కడే ఆ 16 అడుగుల లోటు అడ్డం వస్తుంది.

మావాడి వయసు ఆటలో 50 మైళ్ల బంతి అంటే గట్టి బంతే. సెకనుకి 73 అడుగులు. 46 అడుగులు దాటడానికి 0.63 సెకను. గాలి నిరోధాన్నీ, పిచ్చర్ ముందుకి వంగి వదలడాన్నీ వదిలేస్తున్నాను, పోలికకి ఇది చాలు. మా 30 అడుగుల్లో అంతే సమయం కావాలంటే 33 మైళ్ల వేగం సరిపోతుంది. చిన్న కేజ్‌ల గురించి చెప్పేవాళ్లంతా ఇక్కడితో ఆపేస్తారు: దూరం తగ్గింది, వేగం తగ్గించు, టైమింగ్ అదే.

బంతి కింద పడే తీరు మాత్రం అదే కాదు. రెండు చోట్లా గాల్లో ఉండే సమయం ఒకటే కాబట్టి, భూమి దాన్ని కిందికి లాగేది కూడా అంతే. కానీ ఒక చోట అది 46 అడుగుల మీద జరుగుతుంది, ఇంకో చోట 30 అడుగుల్లోనే జరగాలి. ఐదడుగుల ఎత్తున వదిలి, రెండున్నర అడుగుల ఎత్తున ప్లేటు దాటించామనుకుందాం. ఆటలో చివర బంతి దిగే కోణం 11 డిగ్రీల దగ్గర. మా సందులో 16. పిల్లాడు బ్యాటుని ఆ ఏటవాలుకి ఎదురుగా తిప్పడం అలవాటు చేసుకుంటాడు, అసలు ఆటలో బంతి కిందినుంచి గీకి గాల్లోకి లేపుతాడు. వేగం పెంచి కోణం సరిచేస్తే, టైమ్ తగ్గిపోతుంది.

సమయమా, కోణమా? చిన్న స్థలంలో రెండూ కలిసి రావు. ఏదో ఒకటి తీసుకోవాలి.

కోచ్‌లు 18 అడుగుల నుంచి కింది చేత్తో వేసే ఫ్రంట్ టాస్ లెక్క చూశాను. 20 మైళ్ల వేగానికి 0.61 సెకను. సమయం దాదాపు అసలైనదే! కానీ కోణం 20 డిగ్రీలు. అదే 18 అడుగుల నుంచి తిరగేసిన బకెట్ మీద కూర్చుని, మూడున్నర అడుగుల ఎత్తు నుంచి 30 మైళ్ల వేగంతో నేరుగా విసిరితే, కోణం 12 డిగ్రీల లోపే. సమయం 0.41 సెకను. చాలా తక్కువ, కానీ బంతి వచ్చే దారి ఆటలోలాగే ఉంటుంది. ఆ కోచ్‌లంతా బకెట్ మీద కూర్చునేది వాళ్ల మోకాళ్ల నొప్పుల వల్లేననుకున్నాను ఇన్నాళ్లూ.

నేను కోణం పక్షం. టైమింగ్ ఆటలో, జట్టు ప్రాక్టీసులో ఎలాగూ దొరుకుతుంది. తప్పు దారిలో తిరగడం అలవాటైన బ్యాటుని సరిచేయడం చాలా కష్టం. అందుకని వారంలో ఎక్కువ రోజులు టీ, బకెట్. మధ్యలో అప్పుడప్పుడు కింది చేతి టాస్. దానికి మాత్రం మావాడికి ముందే చెబుతాను, ఇది టైమ్ కోసమని.

విసిరేవాడి ముందు ఎల్-స్క్రీన్ తప్పనిసరి. 18 అడుగుల నుంచి 55 మైళ్ల బంతి తిరిగొస్తే పావు సెకను కూడా ఉండదు. పైపుల ఫ్రేము, దాని మీద వల, విసిరే చెయ్యి బయటపెట్టడానికి ఒక మూల ఖాళీ. మామయ్యగారు ఫ్రేము అంచులకి ఫోమ్ చుట్టారు, పైపుకి తగిలిన బంతి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరని.

మే

మెషిన్ పని మొదలుపెట్టాం. ఇంత ఎదురుచూసినందుకు ఆయనకి ఇది హక్కు.

1897లో ప్రిన్స్‌టన్‌లో చార్లెస్ హింటన్ అనే గణితవేత్త విద్యార్థుల బ్యాటింగ్ సాధన కోసం తుపాకీమందుతో బంతి పేల్చే యంత్రం తయారుచేశాడని చెబితే, మామయ్యగారు ఒక నిమిషం ఆలోచించి, "గన్‌పౌడర్ ఇక్కడ దొరుకుతుందా?" అన్నారు. అత్తయ్యగారు లోపలినుంచే "ఏమండీ!" అన్నారు.

మా పథకం 10 అంగుళాల వ్యాసం ఉన్న, గాలి నింపే టైర్ల చక్రాలు. రెండు చక్రాల మధ్య నుంచి బంతి దూరితే, దాని వేగం దాదాపు చక్రాల అంచు వేగమే. 33 మైళ్లకి నిమిషానికి 1100 చుట్లు. ఒకే చక్రం పెట్టి ఎదురుగా కదలని పలక పెడితే, బంతి పలక మీద దొర్లుతూ పోతుంది కాబట్టి చక్రం అంచు వేగంలో సగమే దక్కుతుంది. చుట్లు రెట్టింపు చేయాలి. పైగా బంతికి విపరీతమైన వెనక తిప్పుడు వస్తుంది. రెండు చక్రాలే మేలు. ఇంకోటి, మెషిన్లకి కుట్లున్న బంతులు కాకుండా గుంటలున్న పాలియురేతేన్ బంతులు వాడతారు. కుట్టు చక్రానికి ఎలా తగిలితే బంతి అలా దారి మారుతుంది కాబట్టి. కానీ ఆ బంతులు గట్టివి. కాంపోజిట్ (కార్బన్ నార లాంటివి కలిపి చేసిన) బ్యాట్లని వాటితో కొట్టొద్దని చాలామంది తయారీదారులు చెబుతారు. అల్యూమినియం బ్యాటు ఒకటి దీనికోసం పక్కన పెట్టాం.

హబ్బులు, ఇరుసులు, పలక అన్నీ అమిరాయి. ఆగింది చక్రాల దగ్గర. మాకు దొరికినవి తోపుడు బండి టైర్లు. వాటి పక్కన రాసి ఉన్న వేగ పరిమితి గంటకి 10 మైళ్లు. మేం తిప్పాలనుకునేది మూడు రెట్లు పైన. మామయ్యగారు ఆ అక్షరాలు చదివి స్పానర్ కింద పెట్టేశారు. వ్యాగన్ చక్రాల దగ్గర బతుకంతా గడిపిన మనిషి, తిరిగే వస్తువు రేటింగుతో బేరమాడరు.

జూన్

మెషిన్ గరాజ్‌లో కప్పి ఉంది. ఈలోపు ఖర్చు లేని సాధనం ఒకటి చేరింది. మావాడి జట్టులో డొమినికన్ కుటుంబం పిల్లాడొకడు ఉన్నాడు. వాళ్ల దేశంలో పిల్లలు ఆడే విటీయా నేర్పించాడు. చీపురు కర్రతో, ఐదు గ్యాలన్ల నీళ్ల బాటిల్ మూత కొట్టడం. మూతని పళ్లెంలా విసిరితే గాల్లో వంకర తిరుగుతుంది, ఆఖరి క్షణంలో మునుగుతుంది. కర్ర సన్నం. అది తగిలిందంటే చూపు బాగా పనిచేసినట్టే. మా ఇంట్లో అలాంటి మూతలకి కొదవ లేదు. అవి పెద్ద వల కన్నంలోంచి కూడా పోవు. వేసవిలో స్తంభాల చుట్టూ నేల నెర్రెలిచ్చినా దిమ్మెలు కదల్లేదు. రోపుల కుంగుడు కాస్త పెరిగింది, టర్న్‌బకిల్ రెండు మరలు తిప్పితే సరిపోయింది.

రిబ్బన్ల మధ్య పడేవి ఇప్పుడు ఎక్కువే. బయటి వైపు గుండ్రం మీద టీ పెట్టినప్పుడు మాత్రం ఇంకా ఎర్ర రిబ్బను కిందే తగులుతున్నాయి. ఆ గుండ్రాన్ని ఇంకో రెండు అంగుళాలు వెనక్కి జరిపి చూడాలి.

మామయ్యగారు వచ్చే నెల వెళ్తున్నారు. హబ్బుల డ్రాయింగులు కొలతలతో సహా గరాజ్ గోడకి అంటించారు. మోటారు కొనే ముందు తగిన వేగానికి రేటింగ్ ఉన్న టైర్లు దొరకాలి, చక్రాల మీద ఇనప జాలీ కప్పు ఉండాలి, స్విచ్ విసిరేవాడి పాదం దగ్గర ఉండాలి, చెయ్యి పెట్టే చోట కాదు. ఈ మూడూ డ్రాయింగు కిందే ఎర్ర పెన్నుతో రాసి, సంతకం కూడా పెట్టారు.